బ్రీదర్ నుంచి ఆయిల్ కొడుతోందా? బోరింగ్‌కి ఇచ్చే ముందు క్రాంక్ కేస్ ప్రెషర్ కొలవండి

అడిగిన ప్రశ్న ఇది: తోటలో సామాను మోసే చిన్న నాలుగు చక్రాల బండి. 400 సీసీ లోపు సింగిల్ సిలిండర్ పెట్రోల్ ఇంజిన్, గాలితో చల్లబడే రకం, పిస్టన్ కింది గాలి ఊపుతో నడిచే పల్స్ పంపుతో పెట్రోల్ అందుతుంది. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసిపోతోంది. డిప్‌స్టిక్ పైకి లేచి వస్తోంది. క్రాంక్ ఆయిల్ సీల్ రెండుసార్లు మార్చినా కారుతూనే ఉంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే పెట్రోల్ అందనట్టు ఆగిపోతోంది. మెకానిక్ పిస్టన్ రింగులు పోయాయి, బోరింగ్ (సిలిండర్ లోపలి గోడని కోసి పెద్దది చేయడం) చేయించాలి అంటున్నాడు. చేయించాలా?

ఇప్పుడే వద్దు. ఈ నాలుగు లక్షణాల్లో ఏదీ రింగులు పోయాయని రుజువు చేయదు. నాలుగూ కలిసి చెప్పేది ఒక్కటే: క్రాంక్ కేస్‌లో (పిస్టన్ కింద క్రాంక్, ఆయిల్ ఉండే గది) ఉండాల్సిన వ్యాక్యూమ్ లేదు, దాని బదులు ప్రెషర్ ఉంది. ఆ ప్రెషర్‌కి కారణం 2 మిల్లీమీటర్ల రంధ్రంలో చేరిన మడ్డి కావచ్చు, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్‌కీ దాని పైన బిగించే హెడ్‌కీ మధ్య ఉండే పొర) కావచ్చు, నిజంగానే రింగులూ కావచ్చు. ఇంజిన్ విప్పకుండానే ఏదో తేల్చుకోవచ్చు. విప్పాక మాత్రం తేల్చడం కష్టం. హెడ్ ఊడదీసిన క్షణంలో గ్యాస్కెట్ ఎక్కడ లీకయిందో చెప్పే సాక్ష్యం సగం పోతుంది.

ముందు ఈ ఇంజిన్ ఊపిరి ఎలా తీస్తుందో చూడాలి. పిస్టన్ పైన మంట ఉన్నట్టే కింద గాలి ఉంటుంది. 389 సీసీ ఇంజిన్‌లో పిస్టన్ దిగిన ప్రతిసారీ కింద ఉన్న చోటు 389 సీసీ తగ్గుతుంది, ఎక్కిన ప్రతిసారీ అంతే పెరుగుతుంది. 3600 ఆర్‌పీఎమ్ దగ్గర ఇది సెకనుకు 60 సార్లు జరుగుతుంది. రెండు సిలిండర్ల ఇంజిన్లలో కొన్నిటిలో ఒక పిస్టన్ దిగేటప్పుడు ఇంకొకటి ఎక్కుతుంది కాబట్టి ఈ ఊపు కొంత సర్దుకుంటుంది. సింగిల్ సిలిండర్‌కి ఆ సదుపాయం లేదు. అందుకే ఆ గాలి బయటికి పోయే దారిలో, అంటే బ్రీదర్‌లో, ఒక రీడ్ వాల్వ్ పెడతారు. పలుచని స్టీలు రేకు, ఒకవైపే తెరుచుకుంటుంది. పిస్టన్ దిగేటప్పుడు గాలిని బయటికి వదులుతుంది, ఎక్కేటప్పుడు మూసుకుని బయటి గాలిని ఆపుతుంది. ఇంజిన్ స్టార్ట్ అయిన కొద్దిసేపట్లోనే లోపలి సగటు ప్రెషర్ బయటి గాలి కంటే తగ్గిపోతుంది. ఆ తర్వాత బ్రీదర్ నుంచి పోయేది రింగుల పక్కనుంచి జారే కొద్దిపాటి గ్యాస్ మాత్రమే. కొత్త ఇంజిన్‌లో కూడా కొంత జారుతుంది.

ఈ చిన్న వ్యాక్యూమే సీల్స్ దగ్గర ఆయిల్‌ని లోపలికి పట్టి ఉంచుతుంది. అది పోతే సీల్ ఎంత కొత్తదైనా ఆయిల్ బయటికే వస్తుంది. రెండుసార్లు మార్చిన సీల్ చెడ్డది కాకపోవచ్చు, దాని వెనక ఉన్న ప్రెషర్ అలాగే ఉంది. అందువల్ల వెతకాల్సినవి మూడే. గ్యాస్ లోపలికి ఎక్కువ వస్తోందా? వచ్చిన గ్యాస్ బయటికి పోలేకపోతోందా? లేక బయటి గాలి ఎక్కడినుంచో లోపలికి చొరబడుతోందా?

మొదట ఆయిల్ చూడండి. బండి సమతలంగా నిలపాలి, ఇంజిన్ ఆపాక ఐదు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్‌ని బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది ఇంజిన్‌ని బట్టి మారుతుంది. హోండా జీఎక్స్ రకంలో బిగించకుండా ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇంకో రకంలో బిగించే చూడాలి, అక్కడ ఊరికే ఆనిస్తే తక్కువ ఉన్నట్టు కనిపించి అదనంగా పోసేస్తారు. ఈ ఇంజిన్లలో పట్టేదే కొంచెం: జీఎక్స్ 200కి సుమారు 0.6 లీటరు, జీఎక్స్ 390కి 1.1 లీటరు. 200 మిల్లీలీటర్లు అదనంగా పడితే క్రాంక్ ఆయిల్‌ని చిలుకుతుంది, నురగ లేస్తుంది, ఆ నురగ బ్రీదర్‌లోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. కాబట్టి అంచనాగా పోయకుండా కొలిచి పోయండి.

తర్వాత డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన ఉండి, ఆయిల్ నీళ్లలా పలుచగా ఉండి, పోసినదానికంటే లెవల్ పెరిగి ఉంటే ఆయిల్లో పెట్రోల్ కలిసింది. అలాంటి ఇంజిన్‌ని ఇంకో నిమిషం కూడా నడపొద్దు. బేరింగ్‌కి లూబ్రికేషన్ ఉండదు, పైగా క్రాంక్ కేస్ నిండా పెట్రోల్ ఆవిరి ఉంటుంది. దగ్గర్లో బీడీ, లైటర్, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు. పెట్రోల్ రావడానికి దారులు రెండు. ఒకటి కార్బొరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోకపోవడం. ట్యాంకు కార్బొరేటర్ కంటే ఎత్తులో ఉన్న బండ్లలో రాత్రంతా కారి సిలిండర్ గుండా కిందికి దిగుతుంది. రెండోది పల్స్ పంపు డయాఫ్రమ్ (లోపల కదిలే పలుచని పొర) చిరగడం. మీ బండిలో పల్స్ పంపు ఉంది కాబట్టి దీన్ని ముందు చూడండి. పంపు నుంచి క్రాంక్ కేస్‌కి వెళ్లే సన్న పైపుని పంపు దగ్గర ఊడదీయండి. లోపల పలుచని ఆయిల్ తడి ఉంటే పర్వాలేదు. పెట్రోల్ చుక్క కనిపిస్తే పంపు మార్చాల్సిందే. మార్చాక ఆయిల్ మొత్తం దించి కొత్తది పోసి, రెండు గంటలు నడిపి, మళ్లీ ఒకసారి మార్చండి.

ఇక బ్రీదర్. చాలా ఇంజిన్లలో ఇది ట్యాపెట్ కవర్‌లోనో (హెడ్ మీద వాల్వుల్ని కప్పే మూత), బ్లాక్ పక్కన చిన్న మూత కిందో ఉంటుంది. అక్కడినుంచి రబ్బరు పైపు ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి వెళుతుంది. మొదట పైపు ఊడదీసి ఒక చివర నోటితో ఊది చూడండి. వేడికి మెత్తబడి లోపలి పొర అతుక్కుపోయిన పైపు బయటికి బాగానే కనిపిస్తుంది. పైపుని ఎయిర్ ఫిల్టర్‌కి తగిలించకుండా కిందికి వదిలేసిన బండ్లలో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టడం మామూలే. రెండు వారాలు షెడ్డులో నిలిపినా చాలు, పైపు పూర్తిగా మూసుకుపోతుంది.

రీడ్ దగ్గర మూడు విషయాలు చూడాలి. రేకు విరిగిందా, వంగిందా, దాని కింద మడ్డి ఇరుక్కుందా. శుభ్రం చేశాక రేకు తన సీటు మీద చదునుగా కూర్చోవాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చెప్పుకోదగ్గ సందు కనిపించకూడదు. ఒకవైపు నుంచి గాలి ఊదితే పోవాలి, అదే వైపు నుంచి పీలిస్తే ఆగాలి. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ పాత ఇంజిన్లలోలా ఫైబర్ బిళ్ల ఉండే బ్రీదర్ అయితే, బిళ్లకీ బాడీకీ మధ్య 1.1 మిల్లీమీటర్ల తీగ దూరకూడదు. దూరితే బ్రీదర్ మార్చాలి. స్టీలు రేకు ఉన్నదానికి ఈ కొలత వర్తించదు.

అందరూ వదిలేసేది ఆయిల్ తిరిగి దిగే రంధ్రం. బ్రీదర్ గదిలో గాలితో పాటు వచ్చిన ఆయిల్ తుంపరలు అక్కడే ఆగి, అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా కిందికి దిగాలి. ఆ రంధ్రం ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. అది మూసుకుంటే గది నిండి, గాలితో పాటు ఆయిల్ కూడా ఫిల్టర్‌కి ఎక్కుతుంది. రింగులు, రీడ్ అన్నీ బాగున్నా ఫిల్టర్ తడుస్తుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి సన్న తీగతో శుభ్రం చేయండి, పెద్దది మాత్రం చేయకండి. ట్యాపెట్ కవర్ లోపల మజ్జిగలా తెల్లటి మడ్డి ఉంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండానే ఆపుతున్నారని అర్థం. చెమ్మ ఆయిల్లో కలిసి అలా తయారవుతుంది. రోజుకు ఐదు నిమిషాలు నడిపి ఆపే బండ్లకి ఇది తప్పదు. వారానికోసారైనా అరగంట లోడు మీద నడపాలి.

ఎయిర్ ఫిల్టర్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఫిల్టర్ దుమ్ముతో పూడితే ఫిల్టర్ డబ్బాలో ఇంజిన్ వైపు పీల్చుడు పెరుగుతుంది. బ్రీదర్ పైపు అక్కడే కలుస్తుంది కాబట్టి ఆయిల్ తుంపరని అది లాక్కుంటుంది. ఆయిల్ తగిలిన పేపర్ ఫిల్టర్ ఇంకా పూడుతుంది, ఇంకా లాగుతుంది. కాబట్టి ఏ పరీక్ష చేసినా కొత్త ఫిల్టర్ వేసే చేయాలి.

ఇవన్నీ సరిచేశాక కొలత. దీనికి టైరు గేజ్, కంప్రెషన్ గేజ్ పనికిరావు. మనం కొలవాల్సింది పది సెంటీమీటర్ల నీటి ఎత్తు, అంటే 0.14 పీఎస్‌ఐ. ఆ గేజ్ ముల్లు కదలనే కదలదు. మేస్త్రీలు లెవల్ చూసుకునే పారదర్శక పైపు మూడు మీటర్లు తీసుకోండి. ఒక చెక్క మీద యూ ఆకారంలో, రెండు కాళ్లూ అరవై సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా బిగించండి. మధ్యలో స్కేలు అంటించి సగం వరకు రంగు నీళ్లు పోయండి. పాత డిప్‌స్టిక్ మూతకి రంధ్రం చేసి ఇత్తడి నిపుల్ దిగ్గొట్టి ఎం-సీల్ పెట్టండి, లేదా రంధ్రం ఉన్న రబ్బరు బిరడా వాడండి. ఇంజిన్ వైపు పైపుకి ఒక క్లిప్పు తప్పనిసరి. సింగిల్ సిలిండర్ కాబట్టి నీళ్లు ఎగిరెగిరి పడతాయి, పైపులో పాత కార్బొరేటర్ జెట్ ఒకటి ఇరికిస్తే నీళ్లు నిలకడగా నిలిచి సగటు ప్రెషర్ చూపిస్తాయి.

డిప్‌స్టిక్ గొట్టం పొడవుగా పైకి ఉన్న ఇంజిన్లకే ఇది నేరుగా పనిచేస్తుంది. జీఎక్స్ రకంలా క్రాంక్ షాఫ్ట్ అడ్డంగా ఉండే ఇంజిన్లలో ఆయిల్ పోసే రంధ్రం ఆయిల్ లెవల్ దగ్గరే ఉంటుంది, అక్కడ తగిలిస్తే పైపులోకి ఆయిల్ వచ్చి కొలత చెడుతుంది. వాటికి పాత ట్యాపెట్ కవర్ ఒకటి కొని, రాకర్ల (వాల్వుల్ని నొక్కే చేతుల) వైపు తెరుచుకునేలా నిపుల్ పెట్టుకోవాలి. ఆ రాకర్లని కదిలించే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు, వెళ్లే దారి గుండా ఆ గది క్రాంక్ కేస్‌తో కలిసే ఉంటుంది. కవర్‌లోనే బ్రీదర్ ఉంటే నిపుల్ రీడ్‌కి అవతల పడకూడదు.

క్లిప్పు మూసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బాగా వేడెక్కాక లోడు లేకుండా 3200 నుంచి 3750 ఆర్‌పీఎమ్ మధ్య నిలిపి క్లిప్పు మెల్లగా తెరవండి. ఇంజిన్ వైపు నీళ్లు పైకి ఎక్కితే వ్యాక్యూమ్, కిందికి దిగితే ప్రెషర్. చదవాల్సింది రెండు కాళ్ల మధ్య తేడా. ఒకవైపు 5 ఎక్కి రెండోవైపు 5 దిగితే అది 10 సెంటీమీటర్లు. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు, ఒక కాలు మాత్రమే చూసి సగం రాసుకుంటారు. కోహ్లర్ కమాండ్ ఇంజిన్లకి కంపెనీ చెప్పే కనీస వ్యాక్యూమ్ 10.2 సెంటీమీటర్లు. మిగతా చిన్న పెట్రోల్ ఇంజిన్లకి కూడా నేను దాన్నే గీతగా పెట్టుకోమంటాను. ఇంజిన్ ఆపేముందు క్లిప్పు మళ్లీ మూయండి, లేకపోతే నీళ్లు ఇంజిన్‌లోకి పోవచ్చు.

పది దాటితే క్రాంక్ కేస్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆయిల్ పోతోందంటే తిరిగి దిగే రంధ్రాన్నో, వాల్వ్ గైడ్‌నో (వాల్వ్ కాడ కదిలే గొట్టం) చూడాలి. కొలత సున్నా దగ్గర ఊగుతుంటే బయటి గాలి వస్తోంది, లేదా రీడ్ మూసుకోవడం లేదు. స్పష్టంగా ప్రెషర్ చూపిస్తే బ్రీదర్ పైపుని రెండు చివర్లా ఊడదీసి మళ్లీ కొలవండి. అప్పుడు వ్యాక్యూమ్ వస్తే తప్పు పైపుది, లేదా ఫిల్టర్ డబ్బాది. అప్పటికీ ప్రెషర్ ఉంటే, బ్రీదర్‌ని మీరు ఇప్పటికే శుభ్రం చేశారు కాబట్టి, పైనుంచి గ్యాస్ ఎక్కువ వస్తోందన్నమాట.

సున్నా కేసుల్లో లీకు వెతకడానికి ఇంజిన్ ఆపి లోపలికి కొద్దిగా గాలి పెట్టాలి. బీపీ చూసే పాత పరికరం బుడగ, గేజ్ దీనికి బాగా సరిపోతాయి. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైన నిలిపి, ప్లగ్ బిగించి, బ్రీదర్ రంధ్రం మూసి, గేజ్ మీద 100 వచ్చేదాకా గాలి పెట్టండి. అది సుమారు 2 పీఎస్‌ఐ. అంతకు మించితే సీల్స్ బయటికి తోసుకొస్తాయి. సబ్బు నీళ్లు రాయండి. డిప్‌స్టిక్ ఓ-రింగ్, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్, రెండు క్రాంక్ సీల్స్, పల్స్ పైపు, ఈ ఐదు చోట్లే ఎక్కువగా బుడగలు వస్తాయి. ముల్లు మెల్లగా దిగడం రింగుల సందువల్ల మామూలే, చూడాల్సింది బుడగల్నే.

ఈ చిన్న లీకుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. వ్యాక్యూమ్ ఉన్న క్రాంక్ కేస్‌కి చిరిగిన ఓ-రింగ్ అంటే ఫిల్టర్ లేని గాలి దారి. ఎర్రనేలలో తిరిగే బండి ఆ సందులోంచి దుమ్ముని నేరుగా ఆయిల్లోకి పీలుస్తుంది. ఆ ఆయిల్ బోర్‌కి గరుకు కాగితంలా పనిచేస్తుంది. ప్రెషర్ తగ్గాలని డిప్‌స్టిక్ మూతకి రంధ్రం పెట్టడం, ట్యాపెట్ కవర్‌కి ఇంకో పైపు వెల్డింగ్ చేయించి వదిలేయడం చాలా చోట్ల చేస్తున్నారు. దయచేసి చేయకండి. రీడ్ లేని రంధ్రం పిస్టన్ ఎక్కిన ప్రతిసారీ దుమ్ముని లోపలికి లాగుతుంది. అప్పటిదాకా బాగున్న రింగులు అప్పుడు నిజంగానే పోతాయి.

గ్యాస్ ఎక్కువ వస్తోందని తేలితే లీక్‌డౌన్ పరీక్ష, అంటే సిలిండర్‌లోకి గాలి పెట్టి ఎంత, ఎటు లీకవుతోందో చూడటం. కంప్రెషన్ గేజ్ ఇక్కడ మోసం చేస్తుంది. ఈ ఇంజిన్లలో చాలావాటికి స్టార్టింగ్ తేలిక కావడానికి క్యామ్ మీద డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటుంది, కాబట్టి తాడు లాగినప్పుడు మంచి ఇంజిన్ కూడా తక్కువే చూపిస్తుంది. లీక్‌డౌన్ పరికరంలో రెండు గేజ్‌లు, మధ్యలో సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం ఉంటాయి. వేడి ఇంజిన్‌ని కంప్రెషన్ పైన నిలిపి ప్లగ్ రంధ్రం గుండా 80 పీఎస్‌ఐ గాలి పెట్టాలి. జాగ్రత్త. 88 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 80 పీఎస్‌ఐ అంటే దాదాపు 340 కిలోల బరువు. సరిగ్గా పైన లేకపోతే క్రాంక్ ఒక్కసారిగా తిరుగుతుంది. బెల్టు డ్రైవ్ బండిలో గేరు వేసినా బెల్టు జారుతుంది కాబట్టి అది ఆపలేదు. ఫ్లైవీల్ నట్‌కి పొడవైన రాడ్ పట్టించి ఆనించండి, 20 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి, చేతులు దూరంగా పెట్టుకోండి.

రెండో గేజ్ 72 చూపిస్తే లీకు 10 శాతం, చాలా బాగుంది. 64 అయితే 20 శాతం, ఇంకా నడపొచ్చు. 56 కి దిగితే పని చేయించాల్సిందే. అంకె కన్నా ముఖ్యం గాలి ఎటు పోతోందన్నది. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బొరేటర్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వ్. ఇవి క్రాంక్ కేస్ ప్రెషర్‌కి కారణం కావు. డిప్‌స్టిక్ గొట్టంలో బుస్సుమంటే అందరూ వెంటనే రింగులు అంటారు. అక్కడే ఆగండి. ఈ రకం ఇంజిన్‌లో హెడ్ గ్యాస్కెట్ అన్నిటికంటే సన్నగా ఉండేది బోర్‌కీ, పుష్‌రాడ్లు వెళ్లే దారికీ మధ్య ఉన్న గోడ మీద. అక్కడ కాలితే మంట గ్యాస్ నేరుగా క్రాంక్ కేస్‌లోకి పోతుంది, బయటికి చుక్క కూడా కారదు. లక్షణాలన్నీ అచ్చం రింగులు పోయినట్టే ఉంటాయి.

రెంటినీ విడదీయడానికి గాలి తీసేసి ప్లగ్ రంధ్రంలో సిరంజితో 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ వేసి, నాలుగైదుసార్లు తిప్పి, మళ్లీ కొలవండి. లీకు బాగా తగ్గితే రింగులు. ఏమీ మారకపోతే గ్యాస్కెట్. సిలిండర్ వాలుగా ఉండే ఇంజిన్లలో ఆయిల్ ఒకవైపే చేరుతుంది, కాబట్టి తిప్పడం తప్పనిసరి. ట్యాపెట్ కవర్ తీసి పుష్‌రాడ్ రంధ్రం దగ్గర చెవి పెడితే గ్యాస్కెట్ లీకు చాలాసార్లు అక్కడే గట్టిగా వినిపిస్తుంది.

గ్యాస్కెట్ అని తేలితే ఖర్చు తక్కువ, కానీ హెడ్ చదును చూడకుండా కొత్తది వేస్తే మళ్లీ అక్కడే కాలుతుంది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.1 మిల్లీమీటరు రేకు దూరితే చదును చేయాలి. బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. జీఎక్స్ 200కి 24 న్యూటన్ మీటర్లు, జీఎక్స్ 390కి 35. మీ ఇంజిన్ వేరేదయితే దాని మాన్యువల్ అంకె వాడండి. చివర్లో ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ రాకర్‌కీ మధ్య సందు) చల్లటి ఇంజిన్ మీద సెట్ చేయాలి.

లీక్‌డౌన్ బాగుండి, నడుస్తుంటే మాత్రం ప్రెషర్ వస్తుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్ చూడండి. అరిగిన గైడ్ పక్కనుంచి పొగ రాకర్ గదిలోకి వస్తుంది. ఆగిన ఇంజిన్‌లో వాల్వ్ మూసి ఉంటుంది కాబట్టి ఆ పరీక్షలో ఇది దొరకదు. స్ప్రింగ్ తీసి వాల్వ్‌ని అటూ ఇటూ ఊపితే తెలుస్తుంది.

నిజంగా రింగులే అయితే ఊరికే కొత్త సెట్ వేయించకండి. రింగుని బోర్‌లో 25 మిల్లీమీటర్ల లోపలికి తోసి చివర్ల సందు కొలవండి. జీఎక్స్ రకంలో కొత్తదానికి 0.2 నుంచి 0.4, గరిష్ఠం 1 మిల్లీమీటరు. కొత్త రింగుతో కూడా సందు ఎక్కువ వస్తే అరిగింది బోర్, అప్పుడే ఓవర్‌సైజ్ పిస్టన్ మాట. బోర్ కొలత బాగుండి అద్దంలా మెరుస్తుంటే హోనింగ్ చేసి అడ్డగీతలు పెట్టించాలి, లేకపోతే రింగు కూర్చోదు. గుర్తు ఉన్న వైపు పైకి ఉండాలి, మూడు రింగుల సందులూ ఒకే వరసలో రాకూడదు. బిగించాక ఖాళీగా గంటలకొద్దీ ఐడిల్‌లో పెట్టకుండా మొదటి రెండు మూడు గంటలు మధ్యస్థ లోడు మీద నడపండి.

పెట్రోల్ అందకపోవడం సంగతి. పల్స్ పంపు బతికేది క్రాంక్ కేస్ ఊపు మీదే. ఆ ఊపు లీకుల్లో పోయినా, పల్స్ పైపులో ఆయిల్ నిలిచినా డయాఫ్రమ్ సగమే కదులుతుంది. ఐడిల్‌కి చాలుతుంది, ఫుల్ థ్రాటిల్‌కి చాలదు. పైపు పొట్టిగా, గోడ మందంగా ఉండాలి. పంపు నుంచి ఇంజిన్ వైపు వాలుగా దిగాలి, మధ్యలో ఎక్కడా కిందికి వేలాడకూడదు.

డీజిల్ పవర్ టిల్లర్ ఉన్నవారు ఈ 10 సెంటీమీటర్ల గీతని వాడొద్దు. వాటి కంప్రెషన్ చాలా ఎక్కువ, బ్రీదర్ నుంచి కొద్దిగా పొగ రావడం సహజం. అక్కడ లీక్‌డౌన్‌నీ, లోడు మీద బ్రీదర్ పొగ రోజురోజుకీ పెరుగుతోందా అన్నదాన్నీ నమ్మండి.

మీ బండికి నేను చెప్పే వరస: ఆయిల్, పల్స్ పైపు వాసన, బ్రీదర్ రంధ్రం, కొత్త ఫిల్టర్, నీటి పైపు, ఆ తర్వాతే లీక్‌డౌన్. మొదటి నాలుగింటికి ఒక మధ్యాహ్నం చాలు. పని అయ్యాక వచ్చిన వ్యాక్యూమ్ కొలత, ఆర్‌పీఎమ్, తేదీ సీటు కింద పెయింటుతో రాసి పెట్టండి, ప్రతి 100 గంటలకీ అదే ఆర్‌పీఎమ్ దగ్గర మళ్లీ కొలవండి. అంకె 10 కిందికి పడితే సీల్ కారే దాకా ఆగకుండా ఆ రోజే బ్రీదర్ విప్పండి.